నిచ్చెన పట్టేవాడు

ఓస్టియా రేవులో మా పని రాత్రిళ్ళే.
పగలంతా గోడల ముందు బళ్ళు, గాడిదలు, బేరాలు.
ఊరు గుర్రుపెట్టాకే గోడ మాకు చిక్కేది.
ఒప్పియస్ నిచ్చెన మీద, నేను కింద.
ఎడమచేతిలో దీపం, కుడిచేతిలో నిచ్చెన కాలు,
నెత్తిన ఎప్పుడూ నాలుగు చుక్కల ఎర్ర రంగు.
"దీపాలోడా, నిచ్చెన పట్టు!"
అమ్మ పెట్టిన పేరు కంటే
ఆ కేకకే నేను ఎక్కువసార్లు పలికాను.

మేం అమ్మేది సామెతలు.
అక్షరానికింత.
అందుకే మా ఊళ్ళో ఉన్నవాడి నీతి పొడుగు,
లేనివాడిది పొట్టి.

బట్టలుతికించే ట్రెబియస్ రాయించుకున్నాడు,
"చెయ్యి చేతిని కడుగుతుంది" అని.
తెల్లారేసరికి మూత్రపు తొట్లలో దిగి
సాయంత్రం దాకా ఉన్ని తొక్కే ఆడవాళ్ళు
తలలెత్తి ఆ ఎర్రటి గీతలు చూశారు.
ఎవరో చదివి చెప్పారు.
"మరి కాలినేది కడుగుతుందట?" అంది హిలారా
పగిలిన మడమ ఒత్తుకుంటూ.
ఆ మాట గోడకెక్కలేదు.
అక్షరానికింత, చెప్పాను కదా.

నుమీసియా రొట్టెల కొట్టుకి
"నిదానంగా తొందరపడు" అని రాస్తుంటే
ఆవిడ చూస్తూ నిలబడిపోయింది,
లోపల ఒక వాయి మాడిపోయింది.
ఆ మాడినవే మాకు కూలి.
నల్లటి పెచ్చు గోటితో గీకుతూ ఒప్పియస్ అన్నాడు,
"సామెతలో తప్పేం లేదురా,
పొయ్యికే చదువు రాదు."

చదువు నాకూ రాదప్పటికి.
దీపం వణికితే అక్షరం వంకరపోతుందని మాత్రం తెలుసు.
చెయ్యి కదలకూడదంటే చూపు కదలకూడదు.
అలా చూసి చూసి
నేను మొదట గుర్తుపట్టిన మాట, తోడేలు.
ద్రాక్షసారా అంగడి గోడ మీద,
"తోడేలు మాటల్లోనే ఉంది."
ఎవణ్ణి తిట్టుకుంటే వాడే గుమ్మంలో దిగుతాడని.
రంగు ఆరకముందే దిగాడు అద్దెల గుమాస్తా స్టాలియస్.
పాచికలు ఆడేవాడి గుప్పిట్లోనే ఉండిపోయాయి.
స్టాలియస్ తలెత్తి చదివి
అందరికంటే గట్టిగా నవ్వాడు.

తర్వాత ఆగలేదు నేను.
సమాధి రాళ్ళు, జాడీల మీద ముద్రలు, పడవల పేర్లు,
కళ్ళబడ్డదల్లా పెదాలు కదుపుతూ నమిలాను.
గింజలు దొరికిన కోడిపిల్లలా ఉన్నావన్నాడు ఒప్పియస్.
నేర్పలేదు, ఆపనూ లేదు.

ఆ రాత్రి ధాన్యం షావుకారు గోడ.
పొడుగు బేరం, ఎత్తు నిచ్చెన, కిందంతా తడి.
"ధైర్యవంతుడికి" చదివాను.
"అదృష్టం" చదివాను.
అదృష్టం ఏం చేస్తుంది?
తెలుసుకోవాలని ఒక్కడుగు వెనక్కి వేశాను,
బాగా కనబడాలని.
రెండు చేతులతో దీపం ఎత్తాను.

నిచ్చెన చప్పుడు చేయకుండానే జారింది.
చప్పుడంతా అతని మణికట్టుది.

షావుకారు డబ్బివ్వలేదు, వాక్యం పూర్తి కాలేదని.
ఇప్పటికీ ఆ గోడ మీద అంతే,
"ధైర్యవంతుడికి అదృష్టం"
ఆ పైన ఖాళీ సున్నం.
ఓడ మునిగినవాడు ఒకటి పూరించుకుంటాడు,
పాచికల్లో గెలిచినవాడు ఇంకొకటి.

ఒప్పియస్ నన్ను ఒక్క మాటనలేదు.
నెల తిరక్కుండా కుంచె తెచ్చి నా చేతికిచ్చి
తను కింద నిలబడ్డాడు,
ఎడమచెయ్యి నిచ్చెనకి, దీపం మోచేతి మడతలో.
పైనుంచి నాకు కేక పెట్టాలనిపించదు.
పెట్టకపోతే అతనికి కోపం.
"దీపాలోడా," అంటాను మెల్లగా.
"గట్టిగా!" అంటాడు.

తెల్లవారుజామున వీధి కుళాయి దగ్గర కూర్చుంటాం.
వంకరగా అతుక్కున్న కుడిచెయ్యి
ఎడమచేతిని చేరుకోలేదు.
ఆ రంగు నేనే రుద్దుతాను, వేలు వేలుకీ,
గోళ్ళ సందుల్లో బూడిద పెట్టి.
పని మీద పోతూ హిలారా ఆగింది ఇవాళ.
చాలాసేపు చూసింది.
కడవ దించి, గట్టు మీద కూర్చుని,
మా చేతులు కడిగి ఎర్రబడి పారుతున్న నీళ్ళలోకి
కాళ్ళు చాపింది.